పసిబిడ్డకు ఎంఆర్ఐ: నిద్రమందా, పాలిచ్చి చుట్టడమా? ఏది మేలు?

"పాపకు ఎంఆర్ఐ రాసినారు. మత్తు ఇయ్యాలంట. ఇయ్యకుండా కాదా సార్?"

కర్నూలులో రేడియోగ్రాఫర్‌గా పనిచేస్తున్న నాకు ఈ ప్రశ్న రాని వారం ఉండదు. దీన్ని సరిగ్గా తిరగేసి అడిగేవాళ్లూ ఉన్నారు: "ఏదో ఒక మందు పోసి పండబెట్టండి సార్, బిరీన అయిపోతాది." ఇద్దరికీ ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోలేం. బిడ్డ వయసును బట్టి, జబ్బును బట్టి, చివరికి ఏ ఊరి నుంచి ఏ బస్సుకు వస్తున్నారన్న దాన్ని బట్టి కూడా జవాబు మారుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మన దగ్గర వాడే ఎంఆర్ఐ మెషీన్లు పెద్దవాళ్ల కొలతలకు చేసినవి. సొరంగం అడ్డం 60 సెంటీమీటర్లు, కొత్తవాటిలో 70 ఉంటుంది. బల్ల నూటయాభై కిలోల మనిషినైనా మోస్తుంది. దాని మీద నాలుగు కిలోల బిడ్డను పడుకోబెట్టాలి. చప్పుడు చూస్తే వంద డెసిబెల్స్ దాటుతుంది. మెషీన్‌ను బిడ్డకు సరిపెట్టుకోవాలా, బిడ్డనే మెషీన్‌కు సరిపెట్టాలా అన్న దగ్గరే గొడవంతా. మత్తు ఇవ్వడమంటే బిడ్డను మెషీన్‌కు సరిపెట్టడం. నేను వీలైనంతవరకు మొదటి దారి మనిషిని. ఆ మొగ్గు నాకుందని తెలిసే చదవండి.

అసలు తేల్చేది నిమిషాలు

సైజు సమస్య నిజానికి చిన్నదే. నెలల బిడ్డకు పెద్దవాళ్ల హెడ్ కాయిల్ (తల చుట్టూ పెట్టి సిగ్నల్ పట్టుకునే తొడుగు) వదులైపోతుంది. తలకూ కాయిల్‌కూ మధ్య ఖాళీ ఎక్కువైతే సిగ్నల్ తగ్గి బొమ్మ గరుగ్గా వస్తుంది. అందుకని పెద్దవాళ్ల మోకాలికి వాడే కాయిల్‌లో బిడ్డ తల పెడతాం. కొలత చక్కగా కుదురుతుంది. ఇదేదో మన దగ్గర చేసుకునే సర్దుబాటు అనుకోకండి, వేరే దేశాల్లో పెద్ద పెద్ద చోట్ల కూడా చేసేదే. మెదడును పొరపొరగా ముక్కలు కోసినట్టు బొమ్మలు తీస్తుంది మెషీన్, ఆ ముక్కల మందం ఐదు మిల్లీమీటర్ల నుంచి మూడుకు తగ్గిస్తాం. పసిమెదడులో నీరు ఎక్కువ, కాబట్టి పెద్దవాళ్ల టైమింగులే పెడితే మెదడులోని తెల్ల భాగం, బూడిద భాగం విడిగా తెలియవు. ఆ అంకెలు కూడా మారుస్తాం. మెషీన్‌లో ఎక్కించే బరువు మాత్రం తల్లిని అడిగి కాకుండా తూచే ఎక్కించాలి, ఎందుకంటే ఒంటిలోకి ఎంత రేడియో శక్తి పంపవచ్చో మెషీన్ ఆ బరువును బట్టే లెక్కేసుకుంటుంది. ఇవన్నీ కంప్యూటర్ ముందు కూర్చుని ఐదు నిమిషాల్లో చేసేసే పనులు.

కదలిక అలా కాదు. ఒక సీక్వెన్స్ (ఒక రకం బొమ్మలు తీసే ఒక విడత) నాలుగు నిమిషాలు నడుస్తుందనుకోండి. మెషీన్ ఒక్కో ముక్కను ఫొటోలాగా తీసి పక్కన పెట్టుకుంటూ పోదు. అన్ని ముక్కల సిగ్నల్‌నూ కొంచెం కొంచెంగా, చివరి సెకను దాకా పోగు చేస్తూనే ఉంటుంది. మూడో నిమిషంలో బిడ్డ ఒక్కసారి తల తిప్పితే అంతకు ముందు తీసింది కూడా పాడవుతుంది. ప్రొపెల్లర్, బ్లేడ్ లాంటి పేర్లతో కదలికను సరిచేసే సీక్వెన్సులు వచ్చాయి. తల కొద్దిగా జరిగితే అవి కాపాడతాయి, ఏడ్చి గుంజుకునే బిడ్డ దగ్గర వాటి వల్లా ఏమీ కాదు.

పెద్దవాళ్ల మెదడు ఎంఆర్ఐకి మామూలుగా ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. అదే ప్రోటోకాల్ (ఏయే సీక్వెన్సులు తీయాలన్న జాబితా) బిడ్డకూ పెట్టి, అరగంట కదలకూడదు కాబట్టి మత్తు తప్పదంటారు. ఆ అరగంట ఎందుకని ఎవరూ అడగరు. నేను మొదట అడిగేది అదే: డాక్టరుకు కావలసిన సంగతి తెలియడానికి నిజంగా ఎన్ని నిమిషాలు చాలు?

తలలో నీరు చేరి షంట్ (ఆ నీరు దించే గొట్టం) వేసిన బిడ్డను తీసుకోండి. డాక్టరు చూడాలనుకునేది నీటి గదులు పెరిగాయా, తగ్గాయా, గొట్టం కొన ఎక్కడుంది అన్నంతవరకే. సింగిల్ షాట్ సీక్వెన్సులో ఒక్కో ముక్క సెకను లోపే వచ్చేస్తుంది. మూడు దిక్కుల్లో తీసినా రెండు మూడు నిమిషాల్లో పని ముగుస్తుంది. బిడ్డ కదిలితే ఆ క్షణంలో తీస్తున్న ముక్క ఒక్కటే పాడవుతుంది, దాన్ని మళ్లీ తీసుకోవచ్చు. ఈ పరీక్షకు మత్తు అడగడం నాకు అర్థం కాదు. ఒకప్పుడు ఈ పిల్లలకు ప్రతి అనుమానానికీ సీటీ (ఎక్స్‌రేలతో తీసే స్కాన్, రేడియేషన్ ఉంటుంది) తీసేవాళ్లు, పదేళ్లు వచ్చేసరికి ఎన్ని అయ్యేవో. అయితే ఒక జాగ్రత్త ఉంది. అయస్కాంతంతో ప్రెషర్ సెట్ చేసే రకం షంట్ అయితే ఎంఆర్ఐ తరువాత ఆ సెట్టింగ్ మళ్లీ చూపించుకోవాలి.

ఫిట్స్ వస్తూ, ఎదుగుదల వెనకబడిన బిడ్డకు మాత్రం ఈ తొందర స్కాన్ పనికిరాదు. అక్కడ సన్నటి ముక్కలు కావాలి, అన్ని రకాల సీక్వెన్సులూ కావాలి, తొందరపడితే చూడాల్సిందే తప్పిపోతుంది. కాబట్టి చీటీ మీద "ఎంఆర్ఐ బ్రెయిన్" అని రెండే మాటలుంటే నాకు చిరాకు. ఎందుకు తీయాలో ఒక్క లైను రాస్తే చాలామంది పిల్లలకు మత్తు తప్పుతుంది. మీ డాక్టరు రాయకపోతే మీరే అడిగి రాయించుకోండి.

పాలిచ్చి చుట్టడం

పద్ధతి కొత్తదేమీ కాదు, మన అవ్వలు పొత్తిళ్లలో చుట్టి పడుకోబెట్టినదే. బిడ్డకు బాగా ఆకలి వేయనిచ్చి, స్కాన్‌కు అరగంట ముందు కడుపునిండా పాలిచ్చి, మెత్తటి నూలు గుడ్డలో చేతులు లోపలికి పెట్టి బిగువుగా చుట్టి, నిద్రలోకి జారగానే బల్ల మీదికి చేరుస్తాం. చెవుల్లో దూది లాంటి ప్లగ్గులు, వాటి మీద చిన్న మఫ్‌లు, తలకు రెండు వైపులా స్పాంజి ముక్కలు పెడతాం. గాలి లాగేస్తే బిడ్డ ఆకారానికి గట్టిపడే సంచులు కూడా దొరుకుతాయి. అవి ఉంటే మరీ మంచిది, లేకపోతే పని ఆగదు. మూడు నెలల లోపు బిడ్డకు ఇది చాలా బాగా పనిచేస్తుంది. మూడు నుంచి ఆరు నెలల మధ్య బిడ్డ స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఆరు దాటాక ఆశ పెట్టుకోవద్దు. కాళ్లతో తన్నుకుని గుడ్డలో నుంచి బయటపడతారు.

వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ ఇది పాడయ్యేది చిన్న చిన్న వాటి దగ్గరే.

మొదటిది బస్సు. ఆదోని నుంచి కర్నూలుకు సుమారు వంద కిలోమీటర్లు. ఆలూరు వైపు నుంచి ఇంకా దూరం. తెల్లవారుజామున బయలుదేరితే ఆ ఊపుకు బిడ్డ దారి పొడవునా నిద్రపోతుంది. సెంటర్లో దిగేసరికి కళ్లు మిలమిల, చేతులు గాల్లో. అప్పుడు ఎన్ని పాలిచ్చినా పడుకోదు. వీలైతే ముందురోజు రాత్రే వచ్చి కర్నూలులో చుట్టాల ఇంట్లో ఉండండి. లేదా బస్సులో బిడ్డను మేలుకొలిపి ఆడిస్తూ రండి, పక్క సీటువాళ్లు ఏమనుకున్నా సరే.

రెండోది సెంటర్ వాళ్ల టైము. "పదింటికి రండి" అని చెప్పి పన్నెండింటికి పిలిస్తే ఈ పద్ధతి పనిచేయదు. బిడ్డ ఆకలి మన టోకెన్ నంబరు కోసం ఆగదు. తల్లి పాలిచ్చిన తరువాత అరగంటలో బల్ల ఖాళీగా ఉండాలి. బరువు తక్కువ పుట్టిన బిడ్డలు, రక్తంలో చక్కెర పడిపోయే బిడ్డలు ఉంటే ఆకలి పెట్టే విషయం పిల్లల డాక్టర్ని అడగకుండా చేయకండి.

మూడోది చప్పుడు. బిడ్డను లేపేది చప్పుడు పెద్దగా ఉండటం కంటే ఉన్నట్టుండి మొదలవడం, ఉన్నట్టుండి ఆగిపోవడం. అందుకని తక్కువ చప్పుడు చేసే సీక్వెన్సుతో మొదలుపెట్టి, మధ్యలో గ్యాప్ రాకుండా నడిపిస్తాం. డాక్టరుకు ముఖ్యంగా కావలసిన బొమ్మలు వీలైనంత ముందే తీసేసుకుంటాం. పదో నిమిషంలో బిడ్డ లేచినా చేతికి ఏదో ఒకటి వచ్చి ఉంటుంది. ఈ వరస ఎలా పెట్టాలో తెలిసిన మనిషి మెషీన్ దగ్గర ఉన్నాడా లేదా అన్నది మెషీన్ ఏ కంపెనీది అన్న దానికంటే పెద్ద విషయం.

నాలుగోది లోహం. బిడ్డ ఒంటి మీద మొలతాడు, దాని మీద వెండి బిళ్ల, మెడలో తాయెత్తు, కాళ్లకు మువ్వలు. తాయెత్తు లోపల ఏ రేకు ఉందో కట్టినాయనకు తప్ప ఎవరికీ తెలియదు. అన్నీ తీయాల్సిందే. మొలతాడు తీయడానికి అవ్వలు ఒప్పుకోరు. స్కాన్ అయిన వెంటనే కొత్త నూలుతాడు కట్టుకోవచ్చని చెబితే మెత్తబడతారు. తల్లి లోపల బిడ్డ పక్కనే ఉండవచ్చు, ఉంటే మంచిది కూడా. కానీ పుస్తెలతాడుకు గుచ్చుకున్న పిన్నీసులు, కొప్పులోని పిన్నులు ముందు బయట పెట్టాలి. పుస్తెల బంగారాన్ని అయస్కాంతం లాగదు, పిన్నీసును లాగుతుంది. ఎదురుగా బిడ్డ ముఖం ఉంటుంది.

మందు లేదు కదా అని బిడ్డను గమనించకుండా వదిలేయకూడదు. వేలికి ఆక్సిమీటర్ ఉండాలి, అదీ ఎంఆర్ఐలో వాడదగ్గదే అయి ఉండాలి. మామూలు ఆక్సిమీటర్ తీగ లోపల వేడెక్కి చర్మం కాలిన సందర్భాలున్నాయి.

మత్తు గురించి న్యాయంగా

మత్తంటే నాకు పడదని ఇంతవరకు చదివినవాళ్లకు అనిపించవచ్చు. అది నిజం కాదు. ఆరు నెలలు దాటి నాలుగైదేళ్ల లోపు పిల్లకు అరగంట స్కాన్ కావాలంటే మత్తే మేలు. నలుగురు పట్టుకుని, బిడ్డ గొంతు పోయేలా ఏడ్చి, చివరికి మసక బొమ్మలు తెచ్చుకోవడం కంటే మత్తు డాక్టరు పక్కన ఉండి ఇచ్చే మత్తు బిడ్డకు అన్ని విధాలా నయం.

తల్లిదండ్రుల టెన్షన్ ఎక్కువగా మెదడు ఎదుగుదల గురించే. అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2016 డిసెంబరులో ఒక హెచ్చరిక ఇచ్చింది. మూడేళ్ల లోపు పిల్లలకు మూడు గంటలు మించి, లేదా పదే పదే మత్తు ఇస్తే మెదడు మీద ప్రభావం పడవచ్చని అందులో ఉంది. వాట్సాప్‌లో తిరిగేది ఆ వాక్యంలో సగమే. పసిపిల్లలకు ఒక్కసారి, గంట లోపు ఇచ్చిన మత్తు మీద జరిగిన గ్యాస్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2016లో కొన్ని, 2019లో పూర్తిగా వచ్చాయి. ఎదుగుదలలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఎంఆర్ఐ మత్తు సాధారణంగా ఆ గంట లోపలి లెక్కే. కాబట్టి ఒక్కసారికి మరీ బెంగపడకండి. ఏడాదిలో నాలుగైదుసార్లు స్కాన్ కావలసిన బిడ్డయితే మాత్రం, ప్రతిసారీ మత్తు అవసరమా అని అడగడం మీ హక్కు.

నాకు పేచీ ఉన్నది ఇంకో రకంతో. చేతికి సిరప్ ఇచ్చి, "తాపించండి, పడుకున్నాక పిలవండి" అని తల్లిని వరండాలో కూర్చోబెట్టే మత్తు అది. ట్రైక్లోఫాస్ సిరప్ మన దేశంలో చాలా ఏళ్లుగా వాడుతున్నదే, మంచి చేతుల్లో మంచి మందే. కానీ అందరికీ ఒకే వేళకు పనిచేయదు. కొందరికి అరగంటలో నిద్ర వస్తుంది, కొందరికి గంటైనా రాదు. కొందరు కక్కుతారు. కొందరు పడుకునే బదులు చిందులు మొదలుపెడతారు. కక్కిన బిడ్డకు లోపల ఎంత పోయిందో తెలియక ఇంకొంచెం పోస్తారు. అక్కడే ప్రమాదం మొదలయ్యేది. ఒక సెంటర్లో ఊపిరి గమనించే మనిషే లేకుండా ఇలా పోయడం నా కళ్లతో చూశాను. పాలిచ్చి చుట్టడం, పూర్తి మత్తు, అసలు స్కాన్ తీయకపోవడం, ఈ మూడింటి కంటే ఇది హీనం.

ఆ మందు ఒంట్లో చాలా గంటలు ఉంటుంది. స్కాన్ అయిపోయిందని నిద్రలోనే బిడ్డను ఎత్తుకుని బస్సెక్కితే, ఒళ్లో మెడ ముందుకు వాలి గొంతు దారి మూసుకుపోవచ్చు. బిడ్డ బాగా లేచి, మిమ్మల్ని గుర్తుపట్టి, నీళ్లు తాగి నిలుపుకునేదాకా సెంటర్ వదలకండి. వాళ్లు పొమ్మన్నా పోకండి.

మత్తు ఇచ్చే గదిలో చూసుకోవలసింది ఒకటుంది. మామూలు ఇనుప ఆక్సిజన్ సిలిండర్ ఎంఆర్ఐ గదిలోకి పోకూడదు. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక ఆసుపత్రిలో మత్తులో ఉన్న ఆరేళ్ల బాబుకు ఆక్సిజన్ కావలసి వచ్చింది. ఎవరో సిలిండర్ తెచ్చారు, అయస్కాంతం దాన్ని లాక్కుంది. తలకు తగిలిన దెబ్బతో బాబు చనిపోయాడు. గోడలో నుంచి వచ్చే ఆక్సిజన్ లైను గానీ, అల్యూమినియం సిలిండర్ గానీ ఉందా అని అడగండి. అడిగితే కోప్పడే చోట మత్తు ఇప్పించకండి.

కడుపు నిండితే మత్తు లేదు

రెండింటిలో ఏది మేలని అడిగేవాళ్లు ఈ సంగతి ఆలోచించరు. ఈ రెండు పద్ధతులూ ఒకదానికొకటి అడ్డం. చుట్టడానికి కడుపు నిండుగా ఉండాలి. మత్తుకు కడుపు ఖాళీగా ఉండాలి. లేకపోతే నిద్రలో కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తల్లిపాలు తాగితే నాలుగు గంటలు, డబ్బాపాలు గానీ అన్నం గానీ అయితే ఆరు గంటలు, మంచినీళ్లకు రెండు గంటలు ఆగాలన్నది మామూలుగా పాటించే లెక్క. అంటే పొద్దున పాలిచ్చి చుట్టి ప్రయత్నించి, బిడ్డ లేచిపోతే వెంటనే "సరే, మత్తు ఇద్దాం" అనడానికి వీల్లేదు.

కర్నూలు టౌనులో ఉన్నవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు, రేపు మళ్లీ రావచ్చు. కోసిగి, పెద్దకడబూరు నుంచి కూలి మానుకుని వచ్చినవాళ్లకు రేపు లేదు. సుగ్గికి, అంటే కూలి కోసం వలస, గుంటూరు వైపు పోయే రోజులైతే మళ్లీ రమ్మనడం అంటే స్కాన్ వద్దనడమే. పెద్దాసుపత్రికి గద్వాల నుంచి, రాయచూరు వైపు నుంచి వచ్చేవాళ్ల సంగతీ అంతే. అందుకే చాలామంది టెక్నీషియన్లు రిస్కు ఎందుకని నేరుగా మత్తుకే పోతారు. వాళ్లను నేను తప్పుపట్టను.

అయినా దీనికి దారి ఉంది. చుట్టే ప్రయత్నానికి పొద్దున మొట్టమొదటి టైము అడగాలి. అదే రోజు మధ్యాహ్నం మత్తు డాక్టరు వచ్చే టైములో రెండో స్లాట్ పట్టి ఉంచమనాలి. పొద్దున ఎనిమిదికి తల్లిపాలు తాగి, తొమ్మిదికల్లా లేచిపోయిన బిడ్డకు మధ్యాహ్నం పన్నెండు తరువాత మత్తు ఇవ్వవచ్చు, మధ్యలో పాలు ఇవ్వకపోతే. కక్కుర్తి పడి ఒక్క గుక్క ఇచ్చినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఇలా రెండు స్లాట్లు పట్టుకుంటే ప్రయాణం ఒక్కటే, బిడ్డకు మత్తు తప్పే అవకాశమూ ఉంటుంది. సెంటర్ వాళ్లకు ఇబ్బందే గానీ, ఫోన్లో ముందే అడిగితే ఒప్పుకునేవాళ్లున్నారు.

"సీటీ అయితే రెండు నిమిషాలే కదా"

అవును. సీటీలో తల స్కాన్ కొన్ని సెకన్లే. మత్తు అవసరం దాదాపు రాదు. అందుకే ఎంఆర్ఐకి బిడ్డ సహకరించకపోతే "పోనీ సీటీ తీసేద్దాం" అనే మాట తొందరగా వస్తుంది. బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలి, వాంతులు చేసుకుంటూ మగతగా ఉన్న బిడ్డకు సీటీయే సరైనది, అక్కడ రేడియేషన్ గురించి వాదించి టైము పోగొట్టకండి. ఎంఆర్ఐకి బదులుగా, పడుకోబెట్టే ఓపిక లేక తీసే సీటీ వేరు. 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనం ప్రకారం పదేళ్ల లోపు పిల్లలకు తీసిన పదివేల తల సీటీలకు, మొదటి స్కాన్ తరువాతి పదేళ్లలో ఒక ల్యుకేమియా, ఒక మెదడు గడ్డ అదనంగా వస్తాయని అంచనా. ఒక్క సీటీకి భయపడాల్సిన అంకె కాదు. అవసరం లేకుండా తీయించుకోవాల్సిన అంకె కూడా కాదు.

సీటీ తీయిస్తే అడగాల్సింది ఒక్కటే: పిల్లల ప్రోటోకాల్ పెట్టారా? పెద్దవాళ్లకు 120 కేవీ (ఎక్స్‌రే బలాన్ని చెప్పే అంకె) వాడేచోట చిన్నపిల్లలకు 80 గానీ 100 గానీ చాలు. ఇంకో తిరకాసు ఉంది. పొట్ట, ఛాతీ స్కాన్లకు తెర మీద కనబడే రేడియేషన్ డోసు అంకెను 32 సెంటీమీటర్ల అడ్డం ఉన్న ప్లాస్టిక్ దిమ్మెకు లెక్కగడతారు. సన్నటి బిడ్డకు నిజంగా అందేది ఆ అంకె కంటే ఎక్కువ, నెలల పిల్లకైతే రెట్టింపు కూడా దాటవచ్చు. తెర మీద తక్కువ చూపిస్తోందని టెక్నీషియనే మోసపోయే సందర్భాలున్నాయి.

మిగతావి

అల్ట్రాసౌండ్‌తో తేలేదైతే పై గొడవేదీ అక్కర్లేదు. మాడు మూసుకోని బిడ్డకు ఆ మెత్తటి చోటి మీద చిన్న ప్రోబ్ పెట్టి మెదడులో రక్తస్రావం, నీరు చూసేయవచ్చు. ఏడాది, ఏడాదిన్నర దాకా ఆ కిటికీ తెరిచే ఉంటుంది, మొదటి నెలల్లో బాగా కనబడుతుంది. పేగులోకి పేగు చొచ్చుకుపోవడం, చిన్నపిల్లల తుంటి కీలు కూడా దాంతోనే చూడవచ్చు. జెల్ కాస్త గోరువెచ్చగా చేసి రాయమనండి, చాలు.

ఎక్స్‌రేకు మత్తు ప్రశ్నే లేదు, ఎవరు పట్టుకోవాలన్నదే ప్రశ్న. అణుశక్తి నియంత్రణ మండలి నియమం ప్రకారం పట్టుకోవలసింది బిడ్డ తరఫు పెద్దవాళ్లే, సిబ్బంది కాదు. పట్టుకునేవాళ్లకు సీసపు ఏప్రాన్ ఇవ్వాలి, గర్భిణి అయితే పట్టుకోకూడదు. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి బిగించే పిగ్గోస్టాట్ అనే ప్లాస్టిక్ గొట్టం ఒకటుంది. చూడటానికి క్రూరంగా ఉంటుంది గానీ బొమ్మ ఒక్కసారికే వస్తుంది. లేనిచోట ఇసుక సంచులు, ఒక తండ్రి చాలు. సన్నటి ఛాతీకి గ్రిడ్ (చెదిరిన కిరణాలను ఆపే జాలీ) తీసేస్తే డోసు తగ్గుతుంది, అది టెక్నీషియన్ గుర్తుపెట్టుకోవాలి. బిడ్డ మొల మీద సీసపు ముక్క కప్పలేదని గొడవ పడేవాళ్లకు ఒక మాట. మామూలుగా దాన్ని కప్పడం మానేయమని అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2019లోనే చెప్పింది. అడ్డంగా జరిగితే చూడాల్సిన భాగాన్నే మూసేసి రెండోసారి తీయాల్సి వస్తుంది.

కార్టూన్ కళ్లజోళ్లు, బొమ్మలు వేసిన మెషీన్లు ఐదేళ్లు దాటిన పిల్లలకు. స్కాన్ మెషీన్లు చేసే జీఈ కంపెనీలో పనిచేసిన డగ్ డీట్జ్ అనే ఆయన పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో స్కాన్ గదిని సముద్రపు దొంగల ఓడలా మార్చాడు, పిల్లలు ఆటలా ఎక్కారు. మన దగ్గర అంత ఖర్చు ఎవరూ పెట్టరు. ముందురోజు ఫోన్లో ఎంఆర్ఐ చప్పుడు వినిపించి, మంచం కింద కదలకుండా పడుకునే ఆట ఆడించండి. చాలామంది పిల్లలు దానికే కుదురుతారు.

హైదరాబాదుకో బెంగళూరుకో పోవాలా అని అడుగుతారు. గుండె ఎంఆర్ఐ లాంటి క్లిష్టమైన వాటికి, మత్తుకు పనికిరాని జబ్బున్న బిడ్డకు పోండి. మామూలు మెదడు, వెన్నుపూస స్కాన్‌కు అక్కర్లేదు.

ఇక మధ్యలో మిగిలిపోయేది నాలుగైదు నెలల బిడ్డ. చుట్టితే ఉంటుందో ఉండదో చెప్పలేని వయసు. తల్లి పాలు తాగే బిడ్డ, రాత్రి ఒక్క వరసన నిద్రపోయే అలవాటు ఉంది, స్కాన్ పదిహేను నిమిషాల లోపు అయితే నేను చుట్టమనే చెబుతాను, మధ్యాహ్నం స్లాట్ పెట్టుకుని. పూర్తి అరగంట స్కాన్ అయితే, బిడ్డ చప్పుడుకు ఉలిక్కిపడే రకమైతే మొదటే మత్తు డాక్టరు ఉన్న రోజు అడగండి. ఫోన్ చేసినప్పుడు మత్తు డాక్టరు ఫీజు స్కాన్ రేటులోనే కలిపి ఉందా, విడిగానా అని కూడా తేల్చుకోండి. పొద్దున చుట్టడంతోనే పని అయిపోతే ఆ ఫీజు వెనక్కి ఇస్తారా అన్నది డబ్బు కట్టకముందే అడగాలి, కట్టాక అడిగితే ఎవరూ సమాధానం చెప్పరు.